మొదటి స్థానం ఎలా వస్తుంది? ఈబుక్ ర్యాంకుల వెనుక మోసం

ఫోనులో పుస్తకాల దుకాణం తెరిస్తే పుస్తకం పేరు కంటే ముందు కంటికి తగిలేది నారింజ రంగు ముద్ర: ‘బెస్ట్ సెల్లర్’. దాని పక్కన నక్షత్రాలు, ఆ పక్కన ఎన్ని వందలమంది మెచ్చుకున్నారో లెక్క. అనుదిన ధ్యానాల పుస్తకం కొనాలన్నా, పిల్లలకు బైబిలు కథలు కొనాలన్నా, పెళ్ళికి సిద్ధపడుతున్న యువతీ యువకులకు ఒక మంచి పుస్తకం ఇవ్వాలన్నా మనలో చాలామంది చూసేది ఈ ముద్రనే. ఇంతమంది కొన్నారంటే మంచిదే అయ్యుంటుందని అనుకుంటాం. ఆ నమ్మకాన్నే పెట్టుబడిగా చేసుకుని గత పదేళ్ళకు పైగా ఒక దొంగ వ్యాపారం సాగుతోంది. అది ఎలా నడుస్తుందో, ఎవరి కడుపు కొడుతుందో, అందులో మన సంఘాలకు కూడా ఏ పాటి సంబంధం ఉందో ఈ వారం కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందుగా ఆ ముద్ర విలువ ఎంతో చూద్దాం. 2016లో అమెరికాలో బ్రెంట్ అండర్‌వుడ్ అనే పుస్తకాల ప్రచార నిపుణుడు ఒక పరీక్ష చేశాడు. తన పాదాన్ని ఫోటో తీసి, దానికో పేరు పెట్టి, అమెజాన్‌లో ఈబుక్‌గా అమ్మకానికి పెట్టాడు. చదవడానికి అందులో ఏమీ లేదు. పెద్దగా ఎవరూ పోటీపడని చిన్న విభాగాలు చూసి ఎంచుకున్నాడు. మూడు ప్రతులు అమ్ముడయ్యేసరికి, అదీ కొన్ని గంటల్లోనే, ఆ పాదం ఫోటో తన విభాగంలో ‘నంబర్ వన్ బెస్ట్ సెల్లర్’ అయి కూర్చుంది. ఖర్చు సుమారు మూడు డాలర్లు. అతను మోసం చేయడానికి కాదు, ఆ మాట ఎంత చవకైపోయిందో చూపించడానికే ఈ పని చేసి, జరిగిందంతా తానే రాసి ప్రచురించాడు.

ఇది ఎలా సాధ్యమైంది? అమెజాన్ ర్యాంకు ఒక పుస్తకం ఇప్పటివరకు మొత్తం ఎన్ని ప్రతులు అమ్ముడైందో చెప్పదు. ఈ మధ్య కాలంలో, తోటి పుస్తకాలతో పోలిస్తే ఎంత జోరుగా అమ్ముతోందో మాత్రమే చెబుతుంది. ఆ లెక్క తరచుగా మారిపోతూ ఉంటుంది. పైగా విభాగాలు వేల సంఖ్యలో ఉన్నాయి. జనం తక్కువగా ఉన్న విభాగంలో మధ్యాహ్నం మూడు ప్రతులు అమ్మితే మొదటి స్థానం రావచ్చు, మర్నాటికి పోవచ్చు. కానీ ఆ మధ్యాహ్నం తీసిన స్క్రీన్‌షాట్ మాత్రం ఏళ్ళ తరబడి వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది.

ఇంతవరకైతే గొప్పలు చెప్పుకోవడం అనుకోవచ్చు. డబ్బు చేరాకే ఇది దొంగతనమైంది.

అందరిదీ ఒకే కుండ

2007లో కిండిల్‌తో పాటే, ప్రచురణకర్త లేకుండా ఎవరి పుస్తకం వారే అమ్ముకునే ఏర్పాటును అమెజాన్ తెచ్చింది. ఇది నిజంగా మేలు చేసిన ఏర్పాటే, అందులో సందేహం లేదు. పెద్ద ప్రచురణ సంస్థల గడప తొక్కలేని వేలమంది రచయితలు దానివల్ల పాఠకులను చేరుకున్నారు. చిన్న సంఘాల కాపరులు, మిషనరీలు, ఇంటిపని ముగించుకుని రాత్రిపూట రాసుకునే తల్లులు కూడా వారిలో ఉన్నారు. 2014 జులైలో అమెరికాలో ‘కిండిల్ అన్‌లిమిటెడ్’ మొదలైంది. నెలనెలా చందా (మొదట్లో అది పది డాలర్లలోపే ఉండేది) కడితే లక్షల పుస్తకాల్లో ఎన్ని కావాలంటే అన్ని తీసుకుని చదువుకోవచ్చు. మన దేశానికి అది 2015 సెప్టెంబరులో వచ్చింది.

రచయితకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? అమెజాన్ ప్రతి నెలా ఒక ఉమ్మడి నిధి ప్రకటిస్తుంది. 2015 జులైలో అది కోటి డాలర్లకు పైనే. 2023 నాటికి నెలకు నాలుగు కోట్ల డాలర్లు దాటింది. ఆ నెలలో చందాదారులు మొత్తం ఎన్ని పేజీలు చదివారో లెక్కవేసి, నిధిని పేజీల మీద పంచుతారు. ఒక పేజీకి వచ్చేది సాధారణంగా అర సెంటు కంటే తక్కువ. అంటే 250 పేజీల పుస్తకాన్ని ఒకరు మొదటినుంచి చివరిదాకా చదివితే రచయితకు డాలరు, ఆపైన కొంచెం.

విషయమంతా ఈ పంపకంలోనే ఉంది. ఊళ్ళో ప్రేమవిందుకు అందరూ కలిసి వండిన కుండ ఒక్కటే అయినప్పుడు, వరుసలో లేని మనుషుల పేర్లు రాయించి ఒకడు పది విస్తళ్ళు పట్టుకుపోతే, చివర నిలబడినవాళ్ళకు అన్నం తగ్గుతుంది. వండినవారి జేబులోంచి పోయేదేమీ లేదు. దొంగ పేజీలకు పోయిన ప్రతి సెంటూ నిజంగా చదివించిన రచయితల వాటాలోంచే పోతుంది. ఈ మోసంలో నష్టపోయేది ఒక పెద్ద కంపెనీయే కదా అని అనుకునేవారు ఈ ఒక్క సంగతి గమనించాలి.

మరో సంగతి. చందా పథకంలో పుస్తకం పెట్టాలంటే రచయిత దాని ఈబుక్‌ను తొంభై రోజులపాటు ఇంకెక్కడా అమ్మకూడదు, తన సొంత వెబ్‌సైటులో ఉచితంగా కూడా పెట్టకూడదు. కాబట్టి ఇక్కడ దెబ్బతింటే అతనికి మరో అంగడి ఉండదు.

మోసం రూపాలు మారుతూ వచ్చిన తీరు

మొదట్లో లెక్క వేరుగా ఉండేది. తీసుకున్న పుస్తకంలో పదో వంతు చదివితే చాలు, పుస్తకం చిన్నదైనా పెద్దదైనా రచయితకు ఒకే మొత్తం వచ్చేది. పది పేజీల కరపత్రాల్లాంటివి వందలకొద్దీ పుట్టుకొచ్చాయి; మొదటి పేజీ తెరిస్తేనే పదో వంతు అయిపోతుంది మరి. ఈ దోపిడీ చూసే 2015 జులై 1 నుంచి అమెజాన్ పేజీల లెక్కకు మారింది.

మారిన వెంటనే దొంగలు కూడా మారారు. అప్పటి లెక్కలో ఒక లోపం ఉంది: పాఠకుడు ఎన్ని పేజీలు చదివాడో కాకుండా, ఎంత దూరం వెళ్ళాడో చూసేవారు. పుస్తకం మొదట్లోనే ‘బహుమతి కోసం ఇక్కడ నొక్కండి’ అని ఒక లింకు పెట్టి, నొక్కినవాణ్ణి తిన్నగా చివరి పేజీకి తీసుకుపోయేవారు. ఒక్క నొక్కుతో వేల పేజీలు చదివినట్టు నమోదయ్యేది. ఆ మధ్యలోని వేల పేజీల్లో ఏముండేది? అదే కథ కంప్యూటరు చేత ఆరు భాషల్లోకి మార్పించినది, పాత పుస్తకాలన్నీ మళ్ళీ మళ్ళీ అతికించినది, ఎవరికీ అర్థంకాని చెత్త. 2016లో అమెజాన్ ఒక్కో పుస్తకానికి ఒక్కో పాఠకుడి లెక్కలో 3,000 పేజీలే గరిష్ఠమని హద్దు పెట్టింది. ఆ హద్దు కూడా దొంగలకు ఒక లక్ష్యంగానే ఉపయోగపడింది. పేజీకి అర సెంటు కంటే కాస్త తక్కువే అనుకున్నా మూడు వేల పేజీలకు పదమూడు డాలర్లకు పైన వస్తుంది. నిజాయితీగా 250 పేజీలు రాసినవారికి వచ్చే డాలరు పక్కన ఇది పెట్టి చూడండి.

లింకు నొక్కే మనుషులు కూడా అక్కరలేదని తర్వాత తేలింది. వరుసగా పేర్చిన ఫోన్లలో, లేదా కంప్యూటర్లలో సృష్టించిన దొంగ ఖాతాలతో, పుస్తకాలు తీసుకోవడం, పేజీలు తిప్పడం జరిపించే ముఠాలు పుట్టాయి. వీటినే క్లిక్ ఫార్మ్‌లు అంటున్నారు. చందా పథకంలో పుస్తకాన్ని తీసుకుంటే చాలు, చదివినా చదవకపోయినా అది ర్యాంకులో అమ్మకంతో సమానంగా చేరుతుంది. అందువల్ల వేలాది దొంగ ఖాతాలు ఒకే రాత్రి ఒక పుస్తకాన్ని తీసుకుంటే, ఎవరూ వినని పేరు తెల్లారేసరికి దుకాణంలో పై వరుసలో ఉంటుంది. అక్కడ చూసి నిజమైన పాఠకులు కొంటారు. నెలలో ఎక్కువగా చదివించిన రచయితలకు అమెజాన్ విడిగా ఇచ్చే బోనసులు కూడా ఇటువంటివారి చేతికే చిక్కాయి.

2016 సెప్టెంబరులో జెడ్‌డీనెట్ అనే సాంకేతిక వార్తాసంస్థ ఇలాంటి ఒక వ్యక్తి నడిపిన వ్యవహారాన్ని బయటపెట్టింది. తాళం వేయకుండా వదిలేసిన అతని కంప్యూటరు దత్తాంశాలు ఒక భద్రతా పరిశోధకుడికి దొరికాయి. దొంగ రచయితల పేర్లతో పుస్తకాలు పెట్టి, మొదట ఉచితమని ప్రకటించి, తన దొంగ ఖాతాల చేతనే వేలసార్లు దించుకుని, పైకి వచ్చాక ధర పెట్టేవాడు. ఆ లెక్కల ప్రకారం వచ్చిన ఆదాయం 24 లక్షల డాలర్లకు పైమాటే. తాను చేసే పనికి చక్కగా పద్దు రాసుకోవడం మాత్రం మానలేదు, అదొక విచిత్రం.

అమెజాన్ చేతులు కట్టుకుని కూర్చుందని అనలేం. 2017 సెప్టెంబరులో ఇటువంటి అయిదుగురి మీద మధ్యవర్తిత్వ న్యాయప్రక్రియ మొదలుపెట్టింది. 2018లో, అసలు పుస్తకంతో పాటు చేర్చే అదనపు భాగం పదో వంతు మించకూడదని నియమం బిగించింది. అయినా ప్రతి నియమం వెనుకా ఒక ఏడాదో రెండేళ్ళో దోపిడీ ముందే జరిగిపోయి ఉంది. ఆ కాలంలో రచయితలు పోగొట్టుకున్నది వారికి తిరిగి ఇవ్వలేదు.

రచయితలకు మరో రకం దెబ్బ తగిలింది. ఇది మమ్మల్ని ఎక్కువగా బాధించిన సంగతి. దొంగ ఖాతాలు తమ పుస్తకాలే చదువుతూ ఉంటే దొరికిపోతాయి కనుక, అనుమానం రాకుండా మధ్యమధ్య ఇతరుల పుస్తకాలను కూడా తీసుకుంటాయి. పట్టుకునే యంత్రానికి ఎవరు దొంగో ఎవరు దారిన పోయేవారో తెలియదు. ఏ పాపమూ ఎరుగని చిన్న రచయితలకు ‘మీ పుస్తకాల్లో అక్రమ పఠనం కనబడింది’ అంటూ తాఖీదులు వచ్చాయి. కొందరి ర్యాంకులు తీసేశారు, కొందరి ఖాతాలే మూసేశారు. మాట్లాడదామంటే ఎదుట మనిషి ఉండడు. ముందే తయారుచేసిన జవాబు ఈమెయిలులో వస్తుంది. అయిదారేళ్ళ కష్టం ఒక ఉదయం కనబడకుండా పోతే, తాను చేయని తప్పుకు తాను చేయలేదని రుజువు చూపించుకోవలసిన స్థితి అది.

పాఠకుడు కోల్పోయేది

పాఠకుడికి పోయేది నూటయాభై రూపాయలే కదా అనుకోవచ్చు. అంతకంటే ఎక్కువే పోతుంది. 2023 ఆగస్టులో న్యూయార్క్ పుట్టగొడుగుల అధ్యయన సంఘం ఒక హెచ్చరిక చేసింది. అడవిలో పుట్టగొడుగులు ఏరుకోవడం నేర్పుతామంటూ, కృత్రిమ మేధ చేత రాయించినట్టు కనిపిస్తున్న పుస్తకాలు అమెజాన్‌లో అమ్ముతున్నారని, వాటిని నమ్మితే ప్రాణం మీదికి రావచ్చని. విషపు పుట్టగొడుగుకూ తినదగినదానికీ తేడా తెలియని యంత్రం రాసిన పుస్తకానికి కూడా అవే నక్షత్రాలు, అదే ముద్ర రావచ్చు. మధుమేహానికి పథ్యం, గర్భిణులకు ఆహారం, ఉపవాసం చేసే పద్ధతి వంటి పుస్తకాల విషయంలో ఇదే జాగ్రత్త ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

అదే నెలలో, ప్రచురణ రంగం గురించి ఎన్నో ఏళ్ళుగా రాస్తున్న అమెరికా రచయిత్రి జేన్ ఫ్రీడ్‌మన్ తన పేరుతో తాను రాయని పుస్తకాలు అమ్మకంలో ఉండటం చూశారు. తీసేయమంటే మొదట ఆమె పేరుకు ట్రేడ్‌మార్క్ ఉందా అని అడిగారు. ఆమె విషయాన్ని బహిరంగం చేశాక గాని అవి పోలేదు. తరువాతి నెలలో అమెజాన్ ఒక కొత్త హద్దు పెట్టింది: ఒక ఖాతానుంచి రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి పెట్టకూడదు. రోజుకు మూడు! ఒక్క వ్యాఖ్యాన గ్రంథానికి పదేళ్ళు వెచ్చించిన పెద్దలు మనకు గుర్తుకు వస్తారు.

దొంగ పుస్తకం తయారయ్యే తీరు 2019 ఫిబ్రవరిలో మరోలా బయటపడింది. బ్రెజిల్‌కు చెందిన ఒక రచయిత్రి పుస్తకాల్లో పదుల సంఖ్యలో ఇతర రచయిత్రుల వాక్యాలు యథాతథంగా కనిపించాయి. పట్టుకున్నది కంప్యూటరు కాదు, ఒక సామాన్య పాఠకురాలు. తాను ఇదివరకే చదివిన వాక్యాలని గుర్తుపట్టి అసలు రచయిత్రి కోర్ట్నీ మిలన్‌కు తెలియజేసింది. ప్రసిద్ధ నవలా రచయిత్రి నోరా రాబర్ట్స్ ఆ ఏప్రిల్‌లో బ్రెజిల్ కోర్టులో దావా వేశారు. ఆరోపణకు గురైన రచయిత్రి, తాను డబ్బిచ్చి రాయించుకున్నవారే ఆ పని చేశారని జవాబిచ్చింది. చందా పథకానికి వారానికో పుస్తకం కావాలంటే జరిగేది ఇదే.

మన ఇంట్లో జరిగినది

ఇదంతా లోకంలో జరిగే సంగతి, మనకేమిటి అనేవారికి ఒక పాత వార్త గుర్తుచేయాలి. అది ఈబుక్‌ల గురించి కాదు, అచ్చుపుస్తకాల జాబితా గురించి. పని మాత్రం ఒకటే.

అమెరికాలోని సియాటిల్‌లో మార్స్ హిల్ అనే పెద్ద సంఘం ఉండేది. దాని కాపరి మార్క్ డ్రిస్కాల్ తన భార్యతో కలిసి వివాహ జీవితం గురించి రాసిన పుస్తకం 2012 జనవరిలో వెలువడి, న్యూయార్క్ టైమ్స్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. 2014 మార్చిలో ‘వరల్డ్’ అనే క్రైస్తవ పత్రిక దాని వెనుక ఉన్న ఒప్పందాన్ని బయటపెట్టింది. పుస్తకాన్ని జాబితాలోకి ఎక్కించడం కోసం ఒక ప్రచార సంస్థకు 25,000 డాలర్ల రుసుము. కనీసం 11,000 ప్రతులు కొనిపించే ఏర్పాటు. మొత్తం ఖర్చు రెండు లక్షల డాలర్ల పైన. ఒకేచోట ఒకరే కొంటున్నట్టు జాబితా లెక్కలు వేసేవారికి అనుమానం రాకుండా వేర్వేరు వ్యక్తుల కొనుగోళ్ళుగా విడదీసి చేశారు. ఒప్పందం రాసుకున్నది సంఘం పేరున. డ్రిస్కాల్ ఆ నెలలోనే సంఘానికి ఉత్తరం రాసి, ఆ పద్ధతి తప్పని ఒప్పుకుని, తనను ‘నంబర్ వన్’ రచయితగా పేర్కొనవద్దని ప్రచురణకర్తను కోరుతున్నానన్నారు. ఆ ఏడాది అక్టోబరులో ఇతర ఆరోపణల మధ్య ఆయన రాజీనామా చేశారు, ఏడాది తిరిగేసరికి ఆ సంఘం మూతపడింది.

ఆ పత్రికను ఇక్కడ మెచ్చుకోవాలి. తన పాఠకుల్లో చాలామంది అభిమానించే బోధకుడి గురించి రాయడానికి అది వెనకాడలేదు. దొంగత్రాసు గురించి సామెతల గ్రంథంలో చదివి ‘ఆమేన్’ అనడం తేలిక. తూకంలో ఉన్నది మన పుస్తకమైనప్పుడే కష్టం.

మన సంఘాల్లో ఇంత డబ్బు పెట్టి చేసే పని ఉండకపోవచ్చు. కానీ ఈ సందేశం చూడనివారు అరుదు: ‘మన అన్నగారి పుస్తకం విడుదలైంది. అందరూ ఈ లింకు నొక్కి అయిదు నక్షత్రాలు ఇచ్చి, నాలుగు మంచి మాటలు రాయండి.’ ప్రేమతోనే పంపుతారు, ప్రేమతోనే రాస్తాం. పుస్తకం మాత్రం తెరవం. కుటుంబ సభ్యులూ, దగ్గరి స్నేహితులూ సమీక్షలు రాయకూడదన్నది అమెజాన్ నియమాల్లోనే ఉంది. అలా రాసినవి గుర్తిస్తే తొలగిస్తారు. ఒక్కోసారి రచయిత ఖాతాకే ముప్పు. అన్నగారికి మేలు చేద్దామని చేసిన పని ఆయన మెడకే చుట్టుకోవచ్చు. పుస్తకం కొని, చదివి, మూడు నెలల తరువాతైనా సరే, ఏ అధ్యాయం తమకు పనికొచ్చిందో, ఏది అర్థం కాలేదో రాసినవారి ఒక్క సమీక్ష కొత్త పాఠకుడికి యాభై నక్షత్రాలకంటే ఉపయోగం. రచయితకు కూడా.

కొనేముందు చూడవలసినవి చాలా లేవు. దాదాపు ప్రతి ఈబుక్‌కూ మొదటి కొన్ని పేజీలు ఉచితంగా చదవనిస్తారు. పది నిమిషాలు చదివితే అతుకుల బొంత దాగదు. రచయిత ఎవరు, ఎక్కడివారు, ఏ సంఘంలో సేవ చేస్తున్నారు, ఇంతకుముందు ఏం రాశారు అన్నది వెతికితే ఎక్కడో ఒకచోట దొరకాలి. ఏడాదిలో నలభై పుస్తకాలు వచ్చి, మనిషి జాడ ఎక్కడా లేకపోతే ఆగండి. సమీక్షల్లో నక్షత్రాల సగటు కంటే మూడు నక్షత్రాలు ఇచ్చినవారి మాటలు ముందు చదవండి, చదివినవారే అవి రాస్తారు. ఒకే వారంలో, ఒకే ధోరణిలో వచ్చిన పొగడ్తలు ఎన్ని ఉన్నా పక్కన పెట్టవచ్చు. ‘ఇక్కడ నొక్కి చివరికి వెళ్ళండి’ అని మొదటి పేజీలోనే అడిగే పుస్తకాన్ని మూసేయడమే మంచిది. చందా ఉన్నవారు పిల్లల చేతికి ఫోను ఇచ్చి పేజీలు గబగబా తిప్పనిస్తే అది కూడా ఎవరో ఒకరి లెక్కలో చేరుతుందని గుర్తుంచుకోండి.

మన దేశంలో ఆన్‌లైన్ సమీక్షల గురించి 2022 నవంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక ప్రమాణాన్ని ప్రకటించింది. డబ్బిచ్చి రాయించినవాటిని, కల్పించినవాటిని అరికట్టడం దాని ఉద్దేశం. అమెరికాలో ఉంటున్న మన కుటుంబాలవారికి మరింత గట్టి రక్షణ ఉంది. దొంగ సమీక్షలు అమ్మడం, కొనడం నిషేధిస్తూ అక్కడి వాణిజ్య సంఘం చేసిన నియమం 2024 అక్టోబరులో అమలులోకి వచ్చింది.

మోసపోయామని తెలిస్తే కొన్న కిండిల్ పుస్తకాన్ని ఏడు రోజులలోపు వెనక్కి ఇవ్వవచ్చు. అయితే పుస్తకమంతా హాయిగా చదివేసి, నచ్చాక కూడా వాపసు చేసేవారు ఎక్కువయ్యారని, ఆ డబ్బు తమ ఖాతాలోంచి కోస్తున్నారని 2022లో రచయితలు మొరపెట్టుకుంటే, పదో వంతు దాటి చదివినవాటికి అమెజాన్ ఆ వెసులుబాటును కష్టం చేసింది. కాబట్టి అనుమానం వస్తే మొదటి అధ్యాయంలోనే తేల్చుకోవాలి. పుస్తకం పేజీలోనే ఫిర్యాదు చేసే లింకు ఉంటుంది. దానికి స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915; తెలుగులో మాట్లాడవచ్చు.